మ్యూజిక్ థెరపీ ఇంటర్న్‌షిప్‌కి ‘మీ ఫిలాసఫీ’ రాయమన్నారు, ఏం రాయాలి?

అడిగింది: తిరుపతి అమ్మాయి, అమెరికాకి కొత్త

అందరికీ నమస్కారం. తిరుపతి ఎస్వీ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుని, ఇక్కడ మ్యూజిక్ థెరపీ చదవడానికి వచ్చాను. ఇంటర్న్‌షిప్ దరఖాస్తులో నా వృత్తి గురించి నా ఫిలాసఫీ ఏంటో ఒక పేజీ రాయాలట. ఏ రాగం ఏ రోగానికి పనిచేస్తుందో రాస్తే గొప్పగా ఉంటుందని ఇంట్లో అంటున్నారు. ఈ రంగంలో ఉన్నవాళ్లు కాస్త చెప్పగలరా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొర్లగుంట అన్న, ఒహాయో

చెల్లెమ్మా, ఇంట్లోవాళ్ల సలహా పక్కన పెట్టు. ఈ రాగం బీపీకి, ఆ రాగం నిద్రకి అని జాబితా పట్టుకెళ్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతావు. కర్ణాటక సంగీతం పుట్టి బుద్ధెరిగాక విననివాళ్ల సంగతేంటి అంటారు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన మన తాళపాక రాగిరేకులే చూడు. కీర్తన మీద రాగం పేరు చెక్కారు, స్వరం చెక్కలేదు. ఇవాళ తిరుపతి మహతి ఆడిటోరియంలో వినే వరసలు చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. రాగం పేరు చూసి పాట ఎలా ఉండేదో కూడా చెప్పలేం. ఇక అది మనిషిని బాగుచేస్తుందని ఏ ధైర్యంతో రాస్తాం?

సెషన్‌లో మనిషి ఎందుకు మారతాడని నువ్వు అనుకుంటున్నావో వాళ్లకి కావాలి. దీని మీద ఈ రంగంలోనే ఒకరి మాట ఒకరికి పడదు. నార్డాఫ్, రాబిన్స్ 1959లో కలిసి పని మొదలుపెట్టారు. పిల్లాడితో కలిసి అప్పటికప్పుడు సంగీతం కట్టడమే చికిత్స అనేది వాళ్ల దారి. మైకేల్ థౌట్‌ది న్యూరలాజిక్ దారి, అంటే మెదడు పనితీరుని పట్టుకుని నడిచేది: స్ట్రోక్ వచ్చిన మనిషికి నిలకడగా లయ వినిపిస్తే అడుగు దానికి కుదురుకుంటుంది, పాట ఎంత బాగుందన్నది అక్కడ లెక్కలోకి రాదు. హెలెన్ బానీ పద్ధతిలో సంగీతం వింటుంటే మనసులో కదిలే దృశ్యాలతో పని.

ఇవన్నీ కలిపేసి ‘నేను ఎక్లెక్టిక్’ అని రాసేవాళ్లు బోలెడుమంది. నన్నడిగితే అది తప్పించుకోవడమే. దేన్ని ఎప్పుడు వదిలేస్తావో రాయి. స్ట్రోక్ వల్ల మాట పోయి, పాట మాత్రం పలుకుతున్న మనిషి ఉన్నాడనుకో. బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ 1973లో రాసిన మెలోడిక్ ఇంటొనేషన్ పద్ధతి ఉంది. చిన్న చిన్న మాటల్ని రాగం తీస్తూ అనిపిస్తారు, తర్వాత మెల్లగా ఆ రాగాన్ని తీసేస్తారు. చివరికి పాట పోవాలి, మాట మిగలాలి. ఏళ్ల తరబడి గాత్రం సాధన చేసినదానివి, పాటని అలా చేజేతులా వదిలేయడం నీకు కష్టమా? కష్టమైతే ఆ మాటే రాయి. చదివేవాళ్లు అక్కడ ఆగుతారు.

ఇంకోటి. ఉదాహరణకి పేషెంట్ల సంగతి రాస్తే ఎవరో గుర్తుపట్టే వివరం ఒక్కటీ ఉండకూడదు. దీని మీద ఇక్కడ చాలా కచ్చితంగా ఉంటారు.

జవాబు: చిత్తూరు అక్క, న్యూజెర్సీ

అన్న చెప్పింది సరే. కానీ ఆ పేర్లన్నీ రాసి మన ఊరిని అటకెక్కించొద్దు పాపా. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి నాటకం. తెల్లవార్లూ జనం కదలరు. చెక్కభజనలో నీకు శ్రుతి ఉందా అని ఎవరూ అడగరు, అడుగు కలిస్తే చాలు. డిమెన్షియా ఉన్నవాళ్లతో నేను గ్రూపు నడిపేది ఆ నమ్మకంతోనే. పాడలేనివాళ్లకి కూడా అందులో చోటుండాలి. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, కానీ ఇంటర్వ్యూలో చెబితే శ్రద్ధగానే విన్నారు.

అలాగని తెలుగు పేషెంటు కనపడగానే అన్నమయ్యని అందుకోకు. ఆవిడ చర్చి పాటలతో పెరిగి ఉండచ్చు. ఘంటసాల సినిమా పాటలు తప్ప ఏదీ పట్టనావిడ కావచ్చు. భక్తి పాట వింటే ఒకరికి ఊరట, ఇంకొకరికి ఇంట్లో ఎవరో పోయిన రోజు గుర్తొస్తుంది. ముందు అడిగి తెలుసుకో.

మొత్తం 1200 గంటల క్లినికల్ ట్రైనింగ్ ఉండాలి, అందులో కనీసం 900 ఇంటర్న్‌షిప్‌లోనే. ఆ తర్వాత బోర్డు పరీక్ష. అన్ని గంటలు పనిచేశాక నీ అభిప్రాయాలు ఎలాగూ మారతాయి, అందుకని పేజీ మీద తేదీ వేసి దాచుకో. అన్నట్టు, గిటార్ వచ్చా? చాలాచోట్ల ఆడిషన్‌లో అడుగుతారు.

తిరుపతి అమ్మాయి: గిటార్ రాదక్కా. వీణ కొంచెం వచ్చు.

చిత్తూరు అక్క: వీణ మోసుకుని వార్డులన్నీ ఎక్కడ తిరుగుతావే తల్లీ! ఈ వారమే సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి చూసుకో. మూడు నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వస్తే చాలా పాటలు నడిపించేయచ్చు. డ్రాఫ్ట్ రాశాక మా ఇద్దరికీ పంపు.