పోస్ట్‌గ్రెస్: పాలసీ పెట్టినా సీక్రెట్ ఫైళ్లు బయటపడుతున్నాయి

ప్రశ్న:
పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్ వాడుతున్నాం. ఫైళ్ల టేబుల్లో ప్రతి రోకీ (వరుసకీ) స్థాయి ఉంది: 1 మామూలు, 2 కాన్ఫిడెన్షియల్, 3 సీక్రెట్, 4 టాప్ సీక్రెట్. యూజర్ క్లియరెన్స్‌ని (చూడగల గరిష్ఠ స్థాయిని) మించినవి కనబడకుండా రో లెవెల్ సెక్యూరిటీ ఆన్ చేసి, ఏ రో ఎవరికి అందాలో చెప్పే షరతుగా ఒకే పాలసీ రాశాం. టెస్ట్ రోల్‌తో (డేటాబేస్ ఖాతాతో) సరిగ్గానే ఉంది. అప్లికేషన్‌లో మాత్రం అన్నీ వచ్చేస్తున్నాయి. ఇంకోటి, స్థాయి 2 యూజర్ కొత్త ఫైలు ఎక్కించబోతే డూప్లికేట్ కీ ఎర్రర్ వస్తోంది. ఆ నంబరు వెతికితే దొరకదు!

జవాబు 1:
అప్లికేషన్ టేబుల్ ఓనర్ రోల్‌తో కనెక్ట్ అవుతున్నట్టుంది. ఓనర్‌కి పాలసీ వర్తించదండి. ఆల్టర్ టేబుల్‌తో ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ పెడితే వర్తిస్తుంది. అయినా అప్లికేషన్‌కి వేరే రోల్ ఇవ్వడమే మేలు, ఎందుకంటే ఓనర్ ఆ ఫోర్స్‌ని తనే తీసేయగలడు. సూపర్‌యూజర్‌ని అయితే ఫోర్స్ కూడా ఆపదు. వ్యూల (దాచిపెట్టుకున్న క్వెరీల) మీద చదువుతుంటే అవీ చూసుకోండి: 14లో వ్యూ దాని ఓనర్ హక్కులతోనే నడుస్తుంది. వ్యూని వాడుతున్నవాళ్ల హక్కులతో నడిపే సెక్యూరిటీ ఇన్వోకర్ ఆప్షన్ 15లో వచ్చింది.

జవాబు 2:
మీ రెండో సమస్య, డూప్లికేట్ కీ ఎర్రర్, బగ్ కాదు, కానీ లీకే. యూనిక్ (విలువ రెండోసారి రాకూడదు), ఫారిన్ కీ (వేరే టేబుల్‌కి లింకు) తనిఖీలు పాలసీని పట్టించుకోవు. నంబర్లు ఒక్కొక్కటే ఎక్కించి చూస్తే ఏ సీక్రెట్ ఫైలు ఉందో తెలిసిపోతుంది. కీలో నంబరుతో పాటు స్థాయినీ చేర్చడం పాత పద్ధతి, దాన్నే పాలీఇన్‌స్టాన్షియేషన్ అంటారు. అప్పుడు ఒకే నంబరుకి రెండు వరుసలు ఉండొచ్చు, ఫారిన్ కీలన్నీ మార్చాలి, పై స్థాయి వాళ్లకి ఏది చూపాలో మీరే తేల్చాలి. నంబరు యూజర్ ఇవ్వక తప్పదంటేనే అటు వెళ్లండి. లేకపోతే యూయూఐడీ (ఊహించలేని పొడవాటి ఐడీ) చాలు. సీక్వెన్స్ (వరుస నంబర్లు) వద్దు, మధ్యలో ఖాళీలు చూసి ఎన్ని దాచారో ఊహించొచ్చు.

జవాబు 3:
ఇద్దరూ చదవడం గురించే చెప్పారు, రాయడమూ చూడాలి. రహస్య స్థాయిల భద్రతకి వాడే బెల్-లాపడూలా మోడల్‌లో పైది చదవకూడదు, కిందికి రాయకూడదు. మీ ఒక్క పాలసీలో విత్ చెక్ (రాసే రోల మీద షరతు) లేకపోతే యూజింగ్ (ఉన్న రోల మీద షరతు) షరతే రాయడానికీ వర్తిస్తుంది. అంటే స్థాయి 3 యూజర్ సీక్రెట్ ఫైలుని స్థాయి 1కి దించేయగలడు. సెలెక్ట్‌కి "స్థాయి క్లియరెన్స్‌కి మించకూడదు", ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్‌లకి "సరిగ్గా సమానం" అని విడివిడిగా రాయండి. పాత పాలసీని తప్పకుండా డ్రాప్ చేయండి, మామూలు పాలసీలు ఆర్‌తో కలుస్తాయి (ఏ ఒక్కటి ఒప్పుకున్నా చాలు) కాబట్టి అది ఉన్నంతకాలం కొత్తవి ఏమీ బిగించవు.

క్లియరెన్స్‌ని సెషన్ వేరియబుల్‌లో పెడుతుంటే ఆ ట్రాన్సాక్షన్ వరకే ఉండే సెట్ లోకల్ వాడండి. ఉత్త సెట్ అయితే కనెక్షన్ పూల్‌లో (అదే కనెక్షన్‌ని పలువురు వాడేచోట) తర్వాత వచ్చిన యూజర్‌కి ముందు వాడి క్లియరెన్స్ అంటుకుంటుంది.