కిడ్నీకి ఐస్ బాక్స్ సరిపోతుందా, మెషీన్ కొనాల్సిందేనా?

కృష్ణలంక_శీను:
మా మామగారు జీవన్‌దాన్‌లో (అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ల ప్రభుత్వ జాబితా) పేరు రాయించుకుని డయాలసిస్ మీద నెట్టుకొస్తున్నారు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల కిడ్నీని మన దగ్గర ఇప్పటికీ ఐస్ బాక్సులోనే తెస్తారని విని ఒళ్లు మండింది. యూరప్‌లో మెషీన్‌కి తగిలించి, లోపల చల్లటి ద్రావణం తిరుగుతూ ఉండగా తెస్తున్నారు. బందరు నుంచి చేపలొచ్చే పెట్టెకీ దీనికీ తేడా ఏంటి? ప్రభుత్వం మెషీన్లు కొనాలా వద్దా, చెప్పండి.

గుంటూరు_ఓటీ:
తేడా చాలా ఉంది శీను గారూ. ముందు రక్తనాళంలోంచి చల్లటి ద్రావణం ఎక్కించి లోపలి రక్తమంతా కడిగేస్తాం. తర్వాత ద్రావణంలో ముంచి, స్టెరైల్ కవర్లు ఒకదాని మీద ఒకటి వేసి కట్టి, అప్పుడు ఐస్‌లో పెడతాం. ఐస్ నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి పాడవుతుంది. 4 డిగ్రీల దగ్గర కణాలకి కావలసిన ఆక్సిజన్ మామూలులో పదో వంతుకి పడిపోతుంది, అదే లాభం. నష్టం ఏంటంటే ఆ చలికి కణంలో ఉప్పునీ నీటినీ అదుపులో ఉంచే సోడియం–పొటాషియం పంపు కూడా మందగించి కణాల్లోకి నీరు చేరి ఉబ్బుతాయి. ఆ ఉబ్బు ఆపడానికే 1980ల్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో బెల్జర్, సదర్డ్ కలిసి యూడబ్ల్యూ ద్రావణం తయారుచేశారు. అదే బెల్జర్ 1967లోనే కుక్క కిడ్నీని మెషీన్ మీద మూడు రోజులు నిలబెట్టాడు. మెషీనేం కొత్తది కాదు.

కృష్ణలంక_శీను:
మరి 2009లో వచ్చిన యూరప్ ట్రయల్ సంగతి? 336 మంది దాతలు, ఒక్కొక్కరి కిడ్నీ ఒకటి ఐస్‌లో, రెండోది మెషీన్ మీద. ఆపరేషన్ అయ్యాక మొదటి వారంలో మళ్లీ డయాలసిస్ కావాల్సినవి ఐస్ వాటిలో 26.5 శాతం, మెషీన్ వాటిలో 20.8. ఏడాదికి పనిచేస్తున్నవి ఐస్ వాటిలో 90 శాతం, మెషీన్ వాటిలో 94. ఆ తేడాలో మా ఇంటి మనిషే పడితే?

బెంజ్‌సర్కిల్_నెఫ్రో:
శీను గారి లెక్క కరెక్టే. పైగా దాత వయసు ఎక్కువైతే తేడా ఇంకా పెద్దది. అలాంటి దాతల కిడ్నీల మీద 2011లో వచ్చిన ఫలితాల్లో ఏడాదికి మెషీన్ వైపు 92.3 శాతం, ఐస్ వైపు 80.2. అలాగని మెషీన్ అన్నదల్లా గొప్పది కాదు. ఆపరేషన్‌కి ముందు గంటసేపు వెచ్చటి రక్తం ఎక్కించే పద్ధతి బ్రిటన్‌లో పరీక్షిస్తే, 2023లో ఫలితాలొచ్చాయి, మొదటి వారం డయాలసిస్ ఏమీ తగ్గలేదు.

గుంటూరు_ఓటీ:
డాక్టర్ గారూ, ఆ 2009 ట్రయల్‌లో కిడ్నీ చల్లగా ఉన్న టైమ్ దాదాపు 15 గంటలు. విజయవాడ నుంచి గుంటూరుకి ఎంతసేపు? వారధి మీద ట్రాఫిక్ ఉన్నా పోలీసులు దారి ఖాళీ చేయించి గ్రీన్ ఛానల్ ఇస్తే గంట పట్టదు. టైమంతా పోయేది రోడ్డు మీద కాదు: దాత కిడ్నీ పేషెంట్ రక్తానికి పడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచ్ రిపోర్టు రావాలి, పేషెంట్ ఊర్నుంచి రావాలి, అవసరమైతే ఒకసారి డయాలసిస్ చెయ్యాలి, ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఖాళీ అవ్వాలి. అంతకన్నా ముందు, చట్టం ప్రకారం బ్రెయిన్ డెడ్ పరీక్షలు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చెయ్యాలి, ఆలోపు దాత బీపీ పడిపోతే కిడ్నీ ఐస్ దాకా రాకుండానే దెబ్బతింటుంది, ఆ దెబ్బని ఏ మెషీనూ పూర్తిగా తుడిచెయ్యలేదు. నన్నడిగితే ముందు ఐసీయూలో దాతని చూసుకునే మనిషికి, ఇంటివాళ్లతో ఓపిగ్గా మాట్లాడే కోఆర్డినేటర్‌కి జీతం ఇవ్వాలి. మెషీన్‌కి ఒక్కో కిడ్నీకి ఒకసారి వాడి పారేసే ట్యూబుల సెట్టు ఖర్చు తర్వాత చూద్దాం.

తిరువూరు_కుర్రాడు:
మా పక్కన ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ పోయినవాళ్లకి ఐసూ లేదు మెషీనూ లేదు, అసలు దాతే లేడు. మన దేశంలో మార్పిళ్లు ఎక్కువ భాగం ఇంట్లోవాళ్లు ఇచ్చినవే, అవి పక్క ఓటీలోకే వెళ్తాయి, మెషీన్‌తో పనేముంది?

బెంజ్‌సర్కిల్_నెఫ్రో:
పనుంది తమ్ముడూ. పెద్ద వయసు దాత కిడ్నీ తీసుకోవడానికి సర్జన్లు జంకుతారు. మెషీన్ మీద ఉంటే కొంత ధైర్యం వస్తుంది. అలా పక్కన పెట్టేసేవాటిలో కొన్నైనా వాడితే దాతల కొరత ఆ మేరకు తగ్గినట్టే కదా. విశాఖ, తిరుపతి నుంచి రావాల్సినప్పుడూ అక్కరకొస్తుంది. రాష్ట్రానికి రెండో మూడో కొని ముసలి దాతలకీ దూరాలకీ వాడితే చాలు, ప్రతి హాస్పిటల్‌కీ అక్కర్లేదు.

గుంటూరు_ఓటీ:
రెండో మూడో అంటే ఒప్పుకుంటా. కానీ అర్ధరాత్రి దాన్ని నడిపేవాడిని కూడా అదే ఫైల్లో రాయించండి. శీను గారూ, క్రాస్ మ్యాచ్‌కి మామగారి రక్తం శాంపిల్ తాజాగా ఉందో లేదో హాస్పిటల్ కోఆర్డినేటర్‌ని అడగండి, రాత్రిళ్లు ఫోన్ ఆఫ్ చెయ్యొద్దు.

కృష్ణలంక_శీను:
రేపే అడుగుతా. మెషీన్ మాట మాత్రం వదలను.