ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఇల్లు కొన్నాం, హరికేన్ సీజన్‌కి ఏమేం రెడీ చేసుకోవాలి?

కొత్తిల్లు:
అందరికీ నమస్తే. ఈమధ్యే టాంపా బే పక్కన ఇల్లు కొన్నాం, నీళ్లు మైలు దూరం కూడా ఉండవు. ఇన్నాళ్లూ ఒహాయోలో మంచు తవ్వుకుంటూ బతికినవాళ్లం, ఈ హరికేన్లు మాకు పూర్తిగా కొత్త. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా సీజన్ అట, సరిగ్గా ఆ టైముకే అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, నాన్నకి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. యూట్యూబ్‌లో ఒకాయన ముందు జనరేటర్ కొనమంటాడు, ఇంకొకాయన కిటికీలకి టేపు అంటించమంటాడు, మరొకాయన కేటగిరీ 2 (అయిదు మెట్లలో రెండోది) హరికేన్ దాకా ఇంట్లో కూర్చోవచ్చు ఫర్వాలేదంటాడు. దేనికి ముందు ఖర్చు పెట్టాలి? మాది జోన్ ఎక్స్ అని ఇంటి కాగితాల్లో ఉంది కాబట్టి ఖాళీ చేసి వెళ్లే పని పడదనే అనుకుంటున్నాం.

తీరంవాసి:
మిగతావన్నీ తర్వాత, ముందు ఆ చివరి మాట సంగతి చూడండి. జోన్ ఎక్స్ అనేది ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) వాళ్ల ఫ్లడ్ మ్యాప్‌లోది, ఇన్సూరెన్సు లెక్కలకి, లోను ఇచ్చేవాళ్లకి పనికొచ్చేది. ఖాళీ చేయమని చెప్పడానికి కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు వాడే జోన్లు వేరే, ఎ నుంచి ఇ దాకా ఉంటాయి, ఎ వాళ్లని అందరికంటే ముందు పంపిస్తారు. ఫ్లడ్ మ్యాప్‌లో ఎక్స్‌లో ఉండి ఖాళీ చేసే జోన్లలో బి లోనో సి లోనో ఉన్న ఇళ్లు బోలెడు. కౌంటీ సైట్‌లో మీ అడ్రస్ కొట్టండి, నిమిషం పని.

ఇక కేటగిరీ 2 వరకు ఫర్వాలేదన్నాయన మాట వినకండి. ఆ నంబరు చెప్పేది గాలి వేగం ఒక్కటే, సముద్రం ఎంత ఎత్తున లోపలికి వస్తుందో అందులో ఉండదు. 2008లో ఐక్ హరికేన్ టెక్సస్‌లో తీరం దాటినప్పుడు కేటగిరీ 2 మాత్రమే, అయినా బొలివర్ ద్వీపకల్పం మీద ఇళ్లని ఊడ్చేసింది. 2024లో హెలీన్ హరికేన్ తీరం దాటింది మనకి చాలా ఉత్తరాన, బిగ్ బెండ్ దగ్గర. టాంపా బే చుట్టుపక్కల మాత్రం ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. గాలికి గట్టి ఇంట్లో దాక్కోవచ్చు, నీళ్లొస్తాయంటే మాత్రం వెళ్లిపోవడమే. అలాగని పక్క రాష్ట్రం జార్జియా దాకా పరిగెత్తక్కర్లేదు, లోపలివైపు నీళ్లు చేరని చోట తెలిసినవాళ్ల ఇల్లు ఉంటే చాలు. అదే ఏడాది మిల్టన్ హరికేన్ ముందు హైవేలు ఎలా జామయ్యాయో, ఎన్ని బంకుల్లో పెట్రోలు అయిపోయిందో ఇక్కడున్నవాళ్లకి గుర్తే.

పాలసీ పురాణం:
డబ్బు ముందు దేనికి అంటే నా ఓటు ఫ్లడ్ ఇన్సూరెన్సుకి. మామూలు హోమ్ పాలసీలో వరద నీరు కవర్ కాదు, పైకప్పు ఎగిరి వాన లోపలికొస్తే ఒక లెక్క, కింద నుంచి నీళ్లొస్తే ఇంకో లెక్క. ప్రభుత్వ ఫ్లడ్ ప్రోగ్రామ్ పాలసీ కొత్తగా తీసుకుంటే మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, టీవీలో తుపాను బొమ్మ కనిపించాక తీసుకుంటే ఆ తుపానుకి పనికిరాదు. అందులో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకి 1,00,000, సామాన్ల కవరేజీ విడిగా అడిగి తీసుకోవాలి, చాలామంది అది వదిలేస్తారు.

ఇంకోటి, మీ హోమ్ పాలసీలో హరికేన్ డిడక్టబుల్ అని ప్రత్యేకంగా ఉంటుంది చూడండి, తరచూ అది శాతంలో ఉంటుంది. ఇల్లు 4,00,000కి ఇన్సూర్ చేసి 2 శాతం అని ఉంటే మొదటి 8,000 మీ జేబులోంచే. ఫోన్‌తో ప్రతి గదీ, అల్మరాల లోపలా, ఏసీ మీద సీరియల్ నంబరుతో సహా వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టేయండి.

షట్టర్ శాస్త్రి:
టేపు వల్ల గాజు పగలకుండా ఆగదు, టేపు దండగ. మీ గరాజ్‌లో పాత ఓనరు వదిలేసిన, కిటికీల మీద బిగించే అల్యూమినియం ప్యానెళ్లు ఉన్నాయేమో చూడండి, ఉంటే ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడే, ఒక కిటికీకి బిగించి చూడండి. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి రెక్కల నట్టు సగంలో ఇరుక్కుపోతుంది, కొన్ని నట్లు అసలు కనిపించవు, ఏ ప్యానెల్ ఏ కిటికీదో తెలీదు. మార్కర్‌తో ప్యానెల్ మీద "వంటగది ఎడమ" అని రాసుకుంటే తర్వాత చీకట్లో వానలో తిట్టుకోనక్కర్లేదు. లేకపోతే కిటికీ కొలతలకి ప్లైవుడ్ ముందే కోయించి రంధ్రాలు పెట్టించుకోండి, తుపాను పేరు టీవీలో వచ్చాక షాపుల్లో దొరకదు.

కిటికీల కంటే నాకు గరాజ్ తలుపంటే ఎక్కువ భయం. అది లోపలికి విరిగిందంటే గాలి దూరి పైకప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది, 1992లో ఆండ్రూ హరికేన్ తర్వాత నేర్చుకున్న పాఠాల్లో ఇదొకటి. తలుపు లోపలివైపు గాలి రేటింగ్ స్టిక్కర్ ఉందో లేదో చూడండి.

జనరేటర్ కొంటే కొనండి గానీ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీలవైపు రాకుండా పెట్టాలి, గరాజ్ తలుపు తీసి లోపల పెట్టడం కూడా ప్రాణాంతకమే. జనరేటర్ ప్లగ్గు తెచ్చి గోడ సాకెట్‌లో గుచ్చే తెలివితేటలు అసలొద్దు, కరెంటు వెనక్కి వీధి లైన్లలోకి పోయి లైను మీద పనిచేసేవాడి ప్రాణం పోతుంది.

కొత్తిల్లు:
జోన్ చూశాను, బి అని వచ్చింది! థ్యాంక్సండీ, మా ఆవిడ అప్పుడే లోపలివైపున్న ఓర్లాండోలో వాళ్ల పిన్నిగారికి ఫోన్ చేసేసింది. మరి నాన్న ఇన్సులిన్ సంగతి?

తీరంవాసి:
ఇండియా నుంచి వచ్చేటప్పుడే ఎక్కువ తెచ్చుకోమనండి, ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతో సహా. కరెంటు పోతే తలుపు తీయకపోయినా ఫ్రిజ్ చల్లదనం ఓ 4 గంటలే, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు ఆగుతుంది. ఇన్సులిన్‌ని కూలర్‌లో పెట్టండి, ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి, ఎందుకంటే గడ్డకడితే అది చెడిపోయినట్టే. పెద్దవాళ్ల పాస్‌పోర్టులు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, విజిటర్ ఇన్సూరెన్సు కాగితం జిప్ కవర్లో వేసి మీ బ్యాగులోనే ఉంచుకోండి. నీళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున వారానికి. అటుకులూ పచ్చళ్లూ మీ అమ్మగారు ఎలాగూ తెస్తారు.

షట్టర్ శాస్త్రి:
మీది ఎలక్ట్రిక్ కారైతే, ఖాళీ చేసేటప్పుడు గరాజ్‌లో మాత్రం వదలకండి. ఉప్పునీళ్లు తగిలిన బ్యాటరీలు కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకుంటాయి, 2022లో ఇయన్ హరికేన్ తర్వాత ఫ్లోరిడాలో ఇలా జరిగింది. పిల్లల ఎలక్ట్రిక్ స్కూటర్లూ అంతే.