హంపి ఒక్క రోజులో, సొంత గైడుతో: ఎవరిని పెట్టుకోవాలి, ఏది ముందు, ఏది వదిలేయాలి?

నంద్యాల_నాగ
డిసెంబరులో హంపికి వెళ్తున్నాం, చేతిలో ఉన్నది ఒక్క రోజే. ఐదుగురం, కారు మాదే. అమ్మానాన్నలకు డెబ్భై దాటాయి, పాపకు పన్నెండు. రోజంతా ఒక గైడును పెట్టుకోవాలనుకుంటున్నాం. తెలుగు వచ్చినవాళ్లు దొరుకుతారా? విఠల గుడి ముందా, విరూపాక్ష ముందా? ఆనెగొంది కూడా కలపొచ్చా? భోజనం ఎక్కడ?

తుంగభద్ర
ఆనెగొంది వద్దు. అది నదికి అవతలి ఒడ్డు. తళారిఘట్టలో పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కాలి, లేదా బుక్కసాగరం దగ్గరి వంతెన మీదుగా కారులో చుట్టు తిరిగి వెళ్లాలి. అటు వెళ్లినవాళ్లు హనుమంతుడి కొండ అంజనాద్రి ఎక్కకుండా రారు. దానికి 575 మెట్లు, డెబ్భై దాటినవాళ్లతో అక్కడే సగం రోజు పోతుంది. వానాకాలంలో డ్యాం గేట్లు ఎత్తితే పుట్టిలు కూడా ఆపేస్తారు.

ఇంకో మాట. ఐదుగురు మీరే ఉంటే ఐదు సీట్ల కారులో గైడును ఎక్కడ కూర్చోబెడతారు? ఇది చాలామందికి తట్టదు. గైడు తన బండి మీద వెనకాల వస్తాడు, అప్పుడు దారిలో చెప్పాల్సిందంతా పోతుంది. కమలాపురం నుంచి హంపి బజారు దాకా రోడ్డుకు రెండు వైపులా శిథిలాలే. ఆ ఒక్క రోజుకు ఏడు సీట్ల బండి మాట్లాడుకోండి.

మల్కాజిగిరి_మహేష్
గైడు ఎందుకన్నా అసలు? ప్రతి కట్టడం ముందల పురావస్తు శాఖ బోర్డు ఉంటది. ఫోన్ల ఆడియో పెట్టుకుంటే అయిపోతది. పైసలు దండగ.

శాసనాల_శాస్త్రి
మహేష్ గారూ, బోర్డు మీద ఉండేది కొలతలు, కాలం. హజారరామ గుడి గోడ మీద రామాయణం మూడు వరుసల్లో చెక్కారు. ప్రదక్షిణగా మూడు చుట్లు తిరుగుతూ చదవాలి. ఏ బొమ్మ దగ్గర కథ మొదలవుతుందో చూపించే మనిషి లేకపోతే అది మామూలు రాతి గోడ. బయటి ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, నాట్యగత్తెలు వరుసలు కట్టి నడుస్తుంటారు. మహానవమి ఉత్సవాల గురించి విదేశీ యాత్రికులు రాసినదాన్ని ఆ వరుసల పక్కన పెట్టి చెప్పగలిగితేనే వాడు గైడు. విజయనగర శాసనాల మీద నాకు ముప్పై ఏళ్ల పని ఉంది. ఈ విషయంలో నా మాట తీసుకోండి.

గైడును ఫోన్లోనే పరీక్షించవచ్చు. మూడు ప్రశ్నలు చాలు. విఠల గుడి రాతి రథం ఏకశిలా? కాదు, చాలా రాళ్లు అతుకులు కనబడకుండా కూర్చారు. రథం పైన శిఖరం ఉండేదా? ఉండేది, ఇటుకతో కట్టింది. 1856లో గ్రీన్‌లా తీసిన ఫొటోలో కనిపిస్తుంది, తర్వాత తీసేశారు. హంపిలోని పెద్ద నరసింహ విగ్రహం ఉగ్రనరసింహుడేనా? కాదు, లక్ష్మీనరసింహుడు. ఒళ్లో ఉన్న అమ్మవారు పోయింది, ఆమె చెయ్యి స్వామి వీపు మీద ఇంకా ఉంది. ఈ మూడూ తెలిసినవాణ్ణి కళ్లు మూసుకుని పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం: రాజప్రాంగణంలోని ఎత్తైన రాతి వేదిక, మహానవమి దిబ్బను చూపించి ‘ఇదే భువనవిజయం, రాయలు కవులతో కొలువు తీరిన సభ’ అనేవాణ్ణి అక్కడికక్కడే మాన్పించండి.

పద్మజ_బందరు
ఎందుకు మాన్పించాలండీ? పోర్చుగీసు యాత్రికుడు పేస్ దాన్ని ‘విజయ గృహం’ అని రాశాడు. రాయలు ఒరిస్సా యుద్ధం నుంచి తిరిగొచ్చి కట్టించాడనీ రాశాడు. విజయ గృహానికీ భువనవిజయానికీ అంత దూరమేముంది? అష్టదిగ్గజాల మాట ఎత్తితే చాలు, ఈ మధ్య పండితులందరూ ముఖం చిట్లిస్తున్నారు.

శాసనాల_శాస్త్రి
దూరం ఉందమ్మా. దిబ్బ మీద జరిగేది నవరాత్రి ఉత్సవం. రాజు కూర్చుని మల్లయుద్ధాలు, బాణసంచా, సైన్యం నడక చూసే వేదిక అది. పేస్ వర్ణించిందీ ఆ పండగనే. పైగా దిబ్బ ఒక్కసారి కట్టింది కాదు, లోపలి పొరలు రాయల కన్నా పాతవి. పెద్దన పద్యం చదివింది ఆ దిబ్బ మీదే అనడానికి ఆధారం చూపించండి.

కడప_కవి
ఆధారం ఆధారం అంటారు. పక్కనే నూరు స్తంభాల సభామంటపం పునాదులు ఉన్నాయి కదా, పదికి పది వరుసలు. స్తంభాలు కొయ్యవి, తగలబడి పోయాయి. మిగిలినవి పీఠాలు. సభ జరగడానికి అంతకన్నా తగిన చోటేది? భువనవిజయం అదే.

శాసనాల_శాస్త్రి
దాని బోర్డు మీద ‘రాజు సభామందిరం’ అని ఉంది, అంతే. ఇది భువనవిజయం అని చెప్పే శాసనం ఆ ఆవరణలో ఒక్కటీ లేదు. నిజాయితీ ఉన్న గైడు ‘ఈ ప్రాంగణంలోనే ఎక్కడో ఉండి ఉంటుంది, ఫలానా చోటని రుజువు లేదు’ అంటాడు. అంతకు మించి చెప్పేవాడు మీ చెవికి నచ్చేది అమ్ముతున్నాడు.

కడప_కవి
తెలుగువాడికి అక్కడ నిలబడి చూసుకోవడానికి ఒక్క చోటు కూడా మిగలనివ్వరా మీరు? ముప్పై ఏళ్ల పని అంటున్నారు, ఆ పనంతా ఇదేనా?

మోడరేటర్
మాట జాగ్రత్త. ఆయన అనుభవం మీద కాదు, విషయం మీద మాట్లాడండి. భువనవిజయానికి విడిగా చర్చ తెరవొచ్చు.

గుంతకల్_జంక్షన్
అడిగినాయన పాపం టైము చెప్పమన్నాడు. నేను చెప్తా.

గేటు తెరిచే వేళకే విఠల గుడి దగ్గర ఉండాలి. పార్కింగు నుంచి గుడికి దాదాపు కిలోమీటరు, కార్లు పోవు, బ్యాటరీ బండి ఎక్కాల. శని, ఆదివారాల్లో పొద్దెక్కేకొద్దీ ఆ బండ్లకు క్యూ పెరుగుతుంది. ఎండలో పెద్దోళ్లను నిలబెట్టాల్సొస్తాది. అందుకే అది ఫస్టు. గుడి తూర్పు ముఖం, పొద్దున ఎండ మహామంటపం మీద పడతాది, ఫొటోలకూ అదే టైము.

టికెట్టు 40 రూపాయలు, పదిహేను ఏళ్ల లోపు పిల్లలకు లేదు. ఆ టికెట్టు పారేయొద్దు. అదే రోజు జనానా (అంతఃపుర) ఆవరణకు, కమలాపురం మ్యూజియానికి అదే పనిచేస్తాది. జనం విఠల దగ్గర చించి పడేసి అక్కడ మళ్లీ కొంటున్నారు. మ్యూజియం శుక్రవారం మూత.

సంగీత స్తంభాలు మీటతామని ఆశపడొద్దు. కంచె కట్టినారు, చెయ్యి వేస్తే సెక్యూరిటీ ఈల వేస్తాడు. ‘డబ్బులివ్వండి, నేను కొట్టి వినిపిస్తా’ అనే గైడు దొరికితే వాడిని వదిలెయ్యండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే చట్టప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అది మీ మీద పడతాది, వాడి మీద కాదు.

డల్లాస్_దీప్తి
టికెట్టు గురించి ఒక్కటి. విదేశీయులకు 600. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు 2021 నోటిఫికేషన్ ప్రకారం కట్టడాల ప్రవేశ రుసుములో భారతీయులతో సమానమే. కౌంటరులో పాస్‌పోర్టు చూపిస్తే 600 టికెట్టు కొడతారు. ఓసీఐ కార్డు అసలుది ముందుగా చూపించండి, ఫోన్లో ఫొటో ఒప్పుకోరు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలకు ఈ గొడవే లేదు.

పద్మజ_బందరు
మాకు ఓసీఐ గోల దేనికండీ, ఆయన నంద్యాల నుంచి కదా వస్తున్నది.

డల్లాస్_దీప్తి
ఈ చర్చ చదివేది ఆయనొక్కరే కాదుగా.

తుంగభద్ర
తెలుగు గైడు గురించి ఎవరూ చెప్పలేదు. బళ్లారి, హొసపేట వైపు తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు. తెలుగు వచ్చిన గైడ్లు ఉన్నారు. బుక్ చేసేటప్పుడే అడగాలి. అప్పటికప్పుడు గుడి ముందు దొరికినవాళ్లు సగం కన్నడం, సగం హిందీలో చెబుతారు, మీ అమ్మానాన్నలకు సగమే అందుతుంది. పర్యాటక శాఖ గుర్తింపు కార్డు మెడలో ఉందా, ఫొటో, గడువు సరిపోతున్నాయా చూడండి.

మాట్లాడుకున్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టుకోండి: ఎన్ని గంటలు (సాధారణంగా సగం రోజంటే నాలుగు, పూర్తి రోజంటే ఎనిమిది), ఎంతమంది, ఏ భాష, ఏయే చోట్లు, రోజు ఎక్కడ ముగుస్తుంది. టికెట్లు, బ్యాటరీ బండి, గైడు భోజనం ఫీజులో ఉన్నాయా లేదా. అడ్వాన్సు కొద్దిగా, మిగతాది సాయంత్రం. దుకాణాల దగ్గర ఆపొద్దని కూడా రాయండి. ఆ ఒక్క వాక్యంతో మీకు గంట మిగులుతుంది.

ఆటోవాళ్లు ‘గైడు కూడా నేనే’ అంటారు. దారి చూపించడానికి వాళ్లు మంచివాళ్లే. కానీ పురావస్తు ఆవరణల లోపలికి వచ్చి చెప్పరు, గేటు బయటే ఆగుతారు.

మల్కాజిగిరి_మహేష్
ఇన్ని షరతులు పెట్టి గైడును తెచ్చుకునుడు కన్నా పొద్దుగాల మ్యూజియంల అరగంట కూసుంటే అయిపోతది. నడిమిట్ల హంపి మొత్తం నమూనా పెట్టిండ్రు, కొండలు, నది, గుళ్లు అన్నీ కనబడతయి. ఏది ఏడుందో ఎరుకయితది. ఇదొక్కటి మాత్రం పక్కాగ చెప్తున్న, ముందు అదే చూడాలె.

గుంతకల్_జంక్షన్
ముందు మ్యూజియం అంటే విఠల క్యూలో ఇరుక్కుంటారు. విఠల అయినాక భోజనం టైములో మ్యూజియం. కమలాపురంలోనే పెట్టుకోండి భోజనం, ప్రభుత్వ టూరిజం హోటలు మయూర భువనేశ్వరి అక్కడే. హంపి ఊళ్లో మాంసం, మందు దొరకవు, అడగొద్దు.

శాసనాల_శాస్త్రి
జనానా ఆవరణను ఆనుకుని ఉన్న గజశాల పడమటి ముఖం. పదకొండు గదుల మీద గుమ్మటాలు మధ్యాహ్నం మూడు గంటలు దాటాకే వెలుగుతాయి. కనుక భోజనం తర్వాతే జనానా ఆవరణ. కమలమహల్ లోపలికి పంపరు, చుట్టూ తిరిగి చూడాలి. మధ్యాహ్నం ఎండలో రాజప్రాంగణం పొరపాటున కూడా పెట్టొద్దు. అక్కడ చెట్టు నీడ లేదు, దిబ్బ మెట్లు నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్లను కింద మెట్ల కోనేరు దగ్గరే కూర్చోబెట్టండి. ఆ కోనేటి నల్లరాళ్ల మీద ఏ రాయి ఏ వరుసలోదో చెప్పే గుర్తులు చెక్కి ఉన్నాయి. పాపకు వాటిని వెతికే పని ఇవ్వండి, దిబ్బ కన్నా అదే గుర్తుంటుంది.

కడప_కవి
ఈ ఒక్కదాంట్లో శాస్త్రి గారితో ఒప్పుకుంటాను. కృష్ణాలయం మాత్రం వదలొద్దు. రాయలు మన నెల్లూరు ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించిన గుడి. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ. తెలుగు గైడును పెట్టుకునేది ఇలాంటివి వినడానికే.

పెనుకొండ_పిల్లోడు
అందరూ హంపి హంపి అంటారు. 1565 తర్వాత రాజధాని వచ్చింది మా పెనుకొండకు. గగన్ మహల్ చూసేవాడే లేడు. నంద్యాల నుంచి ఇటు రండి, గైడు ఖర్చే లేదు.

గుంతకల్_జంక్షన్
దానికి వేరే రోజు కావాల. ఆయనకున్నది ఒక్క రోజే.

కారు వద్దనుకుంటే అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాల, గుంతకల్ మీదుగా హొసపేట పోతాది. హొసపేట నుంచి హంపి పదమూడు కిలోమీటర్లు.

పద్మజ_బందరు
విరూపాక్ష గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రమే పెట్టుకోండి. చెప్పులు విప్పాల్సింది అక్కడే, పాడుబడిన గుళ్లలో అక్కర్లేదు. పెద్దవాళ్లకు సాక్సు తీసుకెళ్లండి. రంగమంటపం పైకప్పు చూడమనండి, విద్యారణ్యుల పల్లకి ఊరేగింపు చిత్రం ఉంది. ఆ మంటపం రాయలు పట్టాభిషేకం సందర్భంగా కట్టించింది, శాసనం పక్కనే నిలబెట్టి ఉంది. వెనక వైపు చీకటి గదిలో గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుతుంది. పొద్దు పోకముందే చూడాలి, వెలుతురు తగ్గితే కనబడదు. అరటిపళ్లు కవరులో పట్టుకుని నడవొద్దు, కోతులు లాక్కుంటాయి.

నంద్యాల_నాగ
అందరికీ ధన్యవాదాలు. సూర్యాస్తమయం మాటేమిటి? మాతంగ కొండ అందరూ చెబుతున్నారు.

తుంగభద్ర
మాతంగ వద్దే వద్దు. మెట్లు విరిగి ఉంటాయి, దిగేటప్పటికి చీకటి పడుతుంది. పెద్దవాళ్లను మాల్యవంతం కొండకు తీసుకెళ్లండి. కంప్లి రోడ్డులో, రఘునాథస్వామి గుడి దాకా కారే పోతుంది. అక్కడ రామాయణ పారాయణం రాత్రింబవళ్లు సాగుతూ ఉంటుంది. గుడి వెనక బండ మీద కూర్చుంటే చాలు.

శాసనాల_శాస్త్రి
మాల్యవంతం మంచిదే. కానీ అక్కడికి వెళ్తే విరూపాక్ష దర్శనం వెలుతురులో కుదరదు, గోపురం నీడ పోతుంది. విరూపాక్ష గుడి పక్కనే ఉన్న హేమకూటం కొండ ఎక్కమనండి. సాసివెకాళు గణపతి వైపు నుంచి వాలు తక్కువ, చేతికర్రతో ఎక్కొచ్చు. విరూపాక్ష వైపు నుంచి ఎక్కితే నిటారు. నరసింహుడు, కృష్ణాలయం, గణపతి, హేమకూటం, ఆఖరున విరూపాక్ష, అన్నీ ఒకే దారి. మిమ్మల్నీ గైడునూ గణపతి దగ్గర దింపి, కారును హంపి బజారు పార్కింగులో పెట్టమని డ్రైవరుకు చెప్పండి. మళ్లీ వెనక్కి నడిచే పని ఉండదు.

తుంగభద్ర
డెబ్భై దాటినవాళ్లు బండ దిగగలరా అన్నది మీరు అడగలేదు. ఎక్కడం కాదు కష్టం, సాయంత్రం దిగడం. విరూపాక్ష వైపు దిగేటప్పుడు రాయి నున్నగా జారుతుంది.

శాసనాల_శాస్త్రి
సరే. అయితే పెద్దవాళ్లు గణపతి మంటపంలో కూర్చుని అటునుంచే కారెక్కి గుడికి వస్తారు. పాపా, మిగతావాళ్లూ గైడుతో కొండ దాటి దిగుతారు. కారు రెండోసారి తిరగాలి, పది నిమిషాల పని.

నంద్యాల_నాగ
ఇది కుదురుతుంది. ఏడు సీట్ల బండి, తెలుగు గైడు, రోజు ముగిసేది విరూపాక్ష దగ్గర. ఇవాళే ఫోన్ చేసి ఆ మూడు ప్రశ్నలు అడుగుతాను.

కడప_కవి
నాలుగోది కూడా అడుగు తమ్ముడూ, భువనవిజయం ఎక్కడని.

మోడరేటర్
దానికి వేరే చర్చ తెరిచాను.