‘వోలటైల్’ అనే మాట మనిషి స్వభావానికి ఎలా అంటుకుంది?

ఇంగ్లీషు పదాల చరిత్ర తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. షేర్ మార్కెట్ వార్తల్లో రోజూ వినే ‘వోలటైల్’ (నిలకడలేని, ఇట్టే మారిపోయే) అనే మాటకు మూలం లాటిన్ ‘వొలారే’, అంటే ఎగరడం. మధ్యయుగాల ఇంగ్లీషులో ఏకంగా పక్షులనే ఈ పేరుతో పిలిచేవాళ్లట! ఆ తర్వాత ఇట్టే ఆవిరైపోయే పదార్థాలకు వాడారు. స్పృహ తప్పినవాళ్ల ముక్కు దగ్గర పెట్టే అమ్మోనియా లవణం పేరు ‘సాల్ వోలటైల్’. సీసా మూత తీస్తే చాలు, ఘాటు గుప్పుమనేది. 17వ శతాబ్దంలో నిలకడలేని మనుషులకూ ఇదే మాట వచ్చింది. ఇప్పుడు కరెంటు పోతే చెరిగిపోయే కంప్యూటర్ మెమరీకీ ఇదే.

నాకు తేలనిది ఒక్కటే. మనిషికి వాడటం రసాయనశాస్త్రం నుంచి వచ్చిందా, లేక నేరుగా లాటిన్ నుంచా? లాటిన్‌లోనే దీనికి ‘క్షణికమైన’ అనే అర్థం ఉంది కాబట్టి నేను రెండోదాని వైపే మొగ్గుతున్నాను. కానీ నా స్నేహితుడు అస్సలు ఒప్పుకోవడం లేదు. 17వ శతాబ్దపు రచనల్లో మనుషుల గురించి ఈ మాట వాడిన వాక్యాలు మీ కంటపడి ఉంటే, సంవత్సరంతో సహా చెప్పగలరా? ధరల హెచ్చుతగ్గులకు ఎప్పటి నుంచి వాడుతున్నారో కూడా చెబితే ఇంకా సంతోషం.