షుడ్ యు, హ్యాడ్ ఐ... ఇంగ్లిష్‌లో ఈ తిరగేసిన వాక్యాలు ఎప్పుడు వాడాలి?

మలక్‌పేట_మామూలోడు:
అందరికీ నమస్తే. మాదాపూర్‌లో ఒక కంపెనీలో సపోర్ట్ పని చేస్తున్నా, డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మొన్న క్లయింట్ మెయిల్ చివర్లో "షుడ్ యు నీడ్ యాక్సెస్, ప్లీజ్ రైట్ టు అస్" అని ఉంది. షుడ్‌తో మొదలైంది కదా, ప్రశ్న అనుకుని "యెస్, వి నీడ్ యాక్సెస్" అని రిప్లై కొట్టేశా, సీసీలో పన్నెండు మందిని పెట్టి మరీ. మా లీడ్ అక్క పక్కకి పిలిచి, అది ప్రశ్న కాదురా, "ఇఫ్ యు నీడ్" అని అర్థం అంది. సర్లే అనుకుని నిన్న నేనూ కాస్త స్టైల్‌గా "నాట్ ఓన్లీ వి ఫిక్స్‌డ్ ది బగ్, బట్ ఆల్సో వి టెస్టెడ్ ఇట్" అని డ్రాఫ్ట్ పెడితే అదీ తప్పేనట, మధ్యలో "డిడ్" రావాలట. ప్రశ్న కాకపోతే డిడ్ ఎందుకొస్తుంది? అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు కూడా బుర్రలో అదే. ఎవరైనా మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్.

దిల్‌సుఖ్‌నగర్_గ్రామర్:
ఎస్సెస్సీ, బ్యాంకు పరీక్షలవాళ్లకి ఇంగ్లిష్ చెప్తుంటాను తమ్ముడూ, ఈ డిడ్ దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది బోల్తా పడతారు, కాబట్టి టెన్షన్ పడకు. నెవర్, రేర్లీ, సెల్డమ్, హార్డ్లీ, నాట్ ఓన్లీ లాంటి "కాదు, లేదు" వాసన ఉన్న మాటని ఒత్తి చెప్పడానికి వాక్యం మొదట్లోకి తెచ్చావనుకో, సహాయక క్రియ (హావ్, డిడ్, కెన్ లాంటిది) కర్త కన్నా ముందుకి దూకుతుంది. అసలు క్రియ కదలదు. "ఐ హావ్ నెవర్ సీన్" కాస్తా "నెవర్ హావ్ ఐ సీన్" అవుతుంది. నీ వాక్యంలో దూకడానికి సహాయక క్రియే లేదు, అందుకే ప్రశ్నల్లో అరువు తెచ్చుకున్నట్టే ఇక్కడా డిడ్‌ని తెచ్చుకుంటాం. భూతకాలం డిడ్ మోస్తుంది కాబట్టి ఫిక్స్‌డ్ మళ్లీ ఫిక్స్ అయిపోతుంది: "నాట్ ఓన్లీ డిడ్ వి ఫిక్స్ ది బగ్, బట్ వి ఆల్సో టెస్టెడ్ ఇట్." రెండో సగాన్ని మాత్రం తిప్పకు. ఈజ్, వజ్ లాంటివైతే ఒంటరిగా ఉన్నా అవే ముందుకొస్తాయి, డిడ్ అక్కర్లేదు.

ఇఫ్ సంగతి వేరు. ఇఫ్ తీసేసి ఆ చోట నిలబెట్టగలిగేవి మూడే: షుడ్, వర్, హ్యాడ్. "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్" బదులు "హ్యాడ్ ఐ నోన్". కానీ లేదు అనాలంటే "హ్యాడ్ ఐ నాట్ నోన్" అనే రాయాలి, "హ్యాడ్న్ట్ ఐ" అంటే కుదరదు.

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది మాత్రం "ఓన్లీ ఆఫ్టర్" దగ్గర. "ఓన్లీ ఆఫ్టర్ ది మేనేజర్ కేమ్ డిడ్ వి స్టార్ట్" అనేది సరైనది. తిరగబడేది రెండో ముక్క, మా పిల్లలేమో మేనేజర్‌ని పట్టుకుని తిప్పేస్తారు. ఇంకోటి, "నో డౌట్"లో నో ఉంది కదా అని తిప్పకండి, "నో డౌట్ హి ఈజ్ లేట్" అంతే.

కూకట్‌పల్లి_క్యూఏ:
సార్ చెప్పిందంతా కరెక్టే, కానీ ఇవన్నీ ఆఫీసు మెయిల్లో ఎందుకు బాస్? "వి ఫిక్స్‌డ్ ది బగ్ అండ్ టెస్టెడ్ ఇట్" అని రాస్తే ఎవడూ రెండోసారి చదవక్కర్లేదు. "షుడ్ యు" ఒక్కటి మెయిల్ చివర బానే ఉంటుంది, మర్యాదగా వినిపిస్తుంది. "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్" అంటే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు అని, అది గోడ మీది నోటీసుకి బాగుంటుంది. బగ్ రిపోర్టులో "సెల్డమ్ డజ్ దిస్ ఎర్రర్ అపియర్" అని ఎవడైనా రాస్తే నేనైతే ముందు స్క్రీన్‌షాట్ అడుగుతా.

నిజానికి మనవాళ్ల జబ్బు ఇంకోటి. తిరగేయకూడని చోట తిరగేస్తాం. "కెన్ యు టెల్ మి వేర్ ఈజ్ ది ఫైల్" అని రోజుకి ఎన్నిసార్లు వింటానో. ముందు కెన్ యు అని ఒకసారి తిప్పేశాం కదా, లోపలిది మామూలుగానే ఉండాలి, "వేర్ ది ఫైల్ ఈజ్" అని. ముందు ఇది దిద్దుకో తమ్ముడూ, నాట్ ఓన్లీ సంగతి తర్వాత.

తార్నాక_భాషాపిచ్చి:
ఎందుకు అని అడిగారు కాబట్టి కొంచెం పాత కథ. తెలుగులో "రావణుణ్ణి చంపాడు రాముడు" అన్నా "రాముడు చంపాడు రావణుణ్ణి" అన్నా చచ్చింది ఒకడే, ఆ ణ్ణి ఎవరో ఏంటో చెప్పేస్తుంది కాబట్టి. అందుకే మనం దేన్ని ఒత్తి చెప్పాలంటే దాన్ని ఎటైనా జరుపుకుంటాం, "రాడు వాడు, నేను చెప్తున్నాగా" అంటాం చూడండి. ఇంగ్లిష్‌లో అలాంటి ప్రత్యయాలు చాలావరకు రాలిపోయాయి, ఎవరు ఎవర్ని చంపారో చెప్పేది వాక్యంలో వాళ్లు నిలబడిన చోటే. అందుకని ఎక్కువగా సహాయక క్రియకే, అదీ కొన్ని మాటల తర్వాతే, దూకడానికి అనుమతి. పాత ఇంగ్లిష్‌లో వాక్యం మొదట ఏదో ఒక మాట వస్తే క్రియ రెండో చోటికి రావడం మామూలే. జర్మన్‌లో ఇప్పటికీ అదే పద్ధతి, "హోయ్‌టె గేహె ఇష్" అంటే వరసగా ఈరోజు, వెళ్తాను, నేను. ఇంగ్లిష్‌లో ఆ అలవాటు పోగా మిగిలిన ముక్కే మీ "నెవర్ హావ్ ఐ".

మలక్‌పేట_మామూలోడు:
ఇప్పుడు వెలిగింది, అందరికీ థాంక్స్. ఒక్క డౌటు. "హియర్ కమ్స్ ది ట్రైన్" అంటాం కదా, అక్కడ డజ్ ఎందుకు రాలేదు?

దిల్‌సుఖ్‌నగర్_గ్రామర్:
మంచి ప్రశ్న. హియర్, దేర్ లాంటి చోటు చెప్పే మాటలు ముందుంటే క్రియ మొత్తంగా లేచి వచ్చేస్తుంది, అరువు అక్కర్లేదు. కానీ ట్రైన్ బదులు ఇట్ పెట్టావో, "హియర్ ఇట్ కమ్స్", మళ్లీ మామూలే.

మలక్‌పేట_మామూలోడు:
ఓకే సార్. మెయిల్ అయితే క్యూఏ అన్న చెప్పినట్టే సాదాగా పంపేశా. శుక్రవారం లీవ్ మెయిల్లో మాత్రం "షుడ్ యు నీడ్ మి, ప్లీజ్ కాల్" అని పెడుతున్నా.

కూకట్‌పల్లి_క్యూఏ:
అలా రాస్తే నిజంగానే కాల్ చేస్తారు. "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ యు కాల్" అని పెట్టు.