జీతం తగ్గించుకుని స్టార్టప్ ఆప్షన్లకు ఒప్పుకోవచ్చా?

నేలవేము: పెద్ద కంపెనీలో బ్యాకెండ్ ఇంజనీరుని. ఒక స్టార్టప్ నుంచి ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే బాగా తక్కువ, ఆ తేడాకు 20,000 స్టాక్ ఆప్షన్లు, అంటే కంపెనీ షేర్లను ముందే ఖరారైన ధరకు తర్వాత కొనుక్కునే హక్కులు ఇస్తామంటున్నారు. 4 ఏళ్ల వెస్టింగ్, అంటే నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా మన చేతికొస్తాయి. మొదటి ఏడాది క్లిఫ్, అంటే ఏడాది నిండకుండా బయటికొస్తే ఒక్కటీ రాదు. పని మాత్రం చాలా నచ్చింది. చేరమంటారా?

తీతువు: చేరండి. నేను చేసిన స్టార్టప్‌లో డేటాబేస్ స్కీమా నేనే రాశాను, డిప్లాయ్ నేనే చేశాను, అర్ధరాత్రి అలర్ట్ మోగితే లేచిందీ నేనే. తొందరలో తీసుకున్న నిర్ణయం కొన్ని నెలలకు ఎలా మెడకు చుట్టుకుంటుందో అక్కడే తెలిసింది. పెద్ద టీములో ఎన్నేళ్లున్నా ఆ చదువు రాదు. డబ్బు సంగతంటారా, 2014లో వాట్సాప్‌ను ఫేస్‌బుక్ 19 బిలియన్ డాలర్లకు కొంటామన్నప్పుడు అక్కడున్నది యాభై చిల్లర మందే.

గోరింక: తీతువు గారూ, పని నేర్చుకోవడం గురించి మీరన్నది నిజం. వాట్సాప్ పేరు చెప్పి ఆశ పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. గుడ్ టెక్నాలజీ సంగతి కూడా చెప్పాలి కదా. ఇన్వెస్టర్లు కట్టిన విలువ (వాల్యుయేషన్) బిలియన్ డాలర్లు దాటిన కంపెనీ అది. 2015లో బ్లాక్‌బెర్రీ దాన్ని 425 మిలియన్ డాలర్లకు కొంది. ఒకప్పుడు 4 డాలర్లు దాటిన ఉద్యోగుల షేరుకు చివరికి 44 సెంట్లు లెక్కకట్టారు. ఇన్వెస్టర్ల ప్రిఫర్డ్ షేరుకు, అంటే ముందుగా డబ్బు అందే రకం షేరుకు, 3 డాలర్ల పైనే వచ్చింది. కొందరు ఉద్యోగులైతే పాత ఎక్కువ ధర మీద పన్ను కూడా కట్టి ఉన్నారు.

ఇందులో మోసమేమీ లేదు, ఒప్పందంలో రాసుకున్నదే. దాన్ని లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అంటారు. కంపెనీ అమ్ముడుపోతే ముందు ఇన్వెస్టర్లు తాము పెట్టింది తీసుకుంటారు, మిగిలితే మనకు. కొత్త పెట్టుబడి రౌండ్ వచ్చిన ప్రతిసారీ కొత్త షేర్లు పుడతాయి, మన వాటా పలచబడుతుంది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఎక్సర్‌సైజ్ గడువు, అంటే ఆప్షన్లను వాడుకుని షేర్లు కొనాల్సిన గడువు. చాలా చోట్ల ఉద్యోగం మానేసిన 90 రోజుల్లోపు సొంత డబ్బు పెట్టి షేర్లు కొనుక్కోవాలి, లేకపోతే అన్నీ పోతాయి. ఆ డబ్బు లేక, నచ్చని ఉద్యోగంలోనే ఉండిపోయిన మంచి ఇంజనీర్లను చూశాను.

తీతువు: ఆ గడువు రాతిమీద గీతేమీ కాదండీ. పింటరెస్ట్ 2015లోనే, రెండేళ్లు పనిచేసినవాళ్లకు దాన్ని 7 ఏళ్లు చేసింది. అడిగేవాళ్లుంటే మారుస్తారు. భయపడి అందరూ ఆగిపోతే కొత్తది కట్టేదెవరు?

గోరింక: ఆగమనలేదు. ఆప్షన్ల విలువ సున్నా అనుకుని చూడండి. వచ్చే జీతంతో ఇల్లు గడిచి, పని కూడా నచ్చితే చేరండి. సున్నా అనుకుంటే గడవకపోతే వద్దు. నేలవేము గారూ, మొత్తం షేర్లెన్నో అడిగారా? కోటి షేర్లలో 20,000 అంటే 0.2 శాతం, పది కోట్లలో అయితే 0.02 శాతం. ఆ సంఖ్య లేకుండా మీకిచ్చింది పెద్దదో చిన్నదో ఎవరూ చెప్పలేరు.

మిణుగురు: ఇంకొకటి అడగండి: ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుంది? క్లిఫ్ దాటేలోపే నిధులు అయిపోయేలా ఉంటే మిగతా లెక్కలన్నీ అనవసరం.

నేలవేము: ఇవాళ అడిగాను. 18 నెలలకు సరిపడా నిధులున్నాయట, గడువు 90 రోజులేనట. మొత్తం షేర్లెన్నో మాత్రం బయటికి చెప్పరట.

గోరింక: అయితే జీతం తగ్గించుకోకండి. వాటా ఎంతో చెప్పనివాళ్లు దాన్ని జీతానికి బదులుగా లెక్కకట్టమనడం న్యాయం కాదు. నేరుగా ఫౌండర్‌నే మరోసారి అడగండి.

తీతువు: ఈ ఒక్క విషయంలో గోరింక గారి మాటే నాదీ. పని నచ్చిందన్నారు కాబట్టి ఆఫర్ వదలకండి, ఆప్షన్లు తగ్గించి జీతం పెంచమని అడగండి. మీరు నిజంగా కావాలనుకుంటే ఏదో ఒకటి ఒప్పుకుంటారు.